అమ్మకు అంటగట్టిన సరదా

ఖమ్మం,
మార్చి 12.

అమ్మకు,

వనజ దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వు, శివ, కొత్తగా ఈనిన ఆవు, దాని దూడ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం చివరిదాకా విన్నాక కూడా అలాగే ఉండాలని కోరుకుంటున్నాను.

శివా, ఇది అమ్మకు రాసినది. నువ్వు చదివి వినిపించేవాడివి మాత్రమే. పోయినసారి నా ఉత్తరంలో సగం మింగేసి "అక్క బాగున్నదంట" అని తేల్చేశావని అమ్మ నీ చేతే నాకు రాయించింది. ఈసారి ఒక్క ముక్క మింగినా ఊరుకోను. సారపాకలో పని దిగి శనివారం ఇంటికి పోగానే కూర్చుని చదువు. గూడెంలో ఫోను పలకదు. పలికినా ఇది ఫోనులో చెప్పే సంగతి కాదు.

అమ్మా, ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

హాస్టల్లో అన్నం కడుపునిండా పెడతారు. పప్పు మాత్రం గిన్నె అడుగు కనబడేంత పలుచన. నీళ్లు పడుతున్నాయి. జ్వరం రాలేదు. గదిలో నాతో ఉండే అమ్మాయి పేరు ద్వాలి, తిరుమలాయపాలెం దగ్గర తండా. మంచిదేనా అని అడిగావు. మంచిదే, నోరు చెడ్డది. నాకు సరిపోయింది.

"గా భాష ఎవలు మాట్లాడ్తరు, మన భాష లెక్క రాత లేనిదేనా" అని అడిగావు. నేను నేర్చుకుంటున్న స్పానిష్‌కు రాత ఉంది. సముద్రాల అవతల చాలా దేశాల్లో మాట్లాడతారట. అక్కడివాళ్లు సెలవులకు ఊళ్లు తిరగడానికి పోతూ హోటల్లో గది కోసం ఫోను చేస్తే, ఖమ్మంలో మేడమీద కూర్చుని మేము ఎత్తాలి. వాళ్ల భాషలో మాట్లాడి గది ఇప్పించాలి. అదీ ఉద్యోగం. "వాళ్ల దేశంల ఫోన్ ఎత్తెటోళ్లే లేరా" అని కూడా అడిగావు. ఉన్నారు. మేము తక్కువ జీతానికి ఎత్తుతాం.

ఇక ఏం నేర్పుతున్నారని అడిగావు. అది చెబితే నువ్వు నమ్మవు. మొదటి నెల అంతా పేర్లు, అంకెలు, నీళ్లు, అన్నం, దారి నేర్పారు. అది చదువే అనిపించింది. రెండో నెలలో తీరిక వేళల పాఠం మొదలుపెట్టారు. పని లేనప్పుడు మనుషులు ఏమేం చేస్తారో చెప్పడం. ఇరవై రోజులు అదే. పని గురించి మాత్రం రెండు రోజుల్లో ముగించారు.

పుస్తకంలో ఆ పాఠానికి బొమ్మలు ఉన్నాయి. ఒకడు కాళ్లకు పలకలు కట్టుకుని మంచు గుట్ట మీద నుంచి కిందికి జారుతున్నాడు. కింద ఏం పని ఉండి కాదు. దిగాక మళ్లీ పైకి పోయి మళ్లీ జారుతాడట. ఒకామె కుక్కను తాడుకు కట్టి నడిపిస్తున్నది. ఇద్దరు ముసలివాళ్లు తోటలో బల్ల మీద ఊరికే కూర్చున్నారు, కింద "తోటలో కూర్చోవడం" అని రాసి ఉంది. అది కూడా ఒక సరదా అట. మన గూడెంలో అలా కూర్చునేవాడిని ఏమంటామో నీకు తెలుసు. నడవడం ఇంకొక సరదా. ఎక్కడికీ పోకుండా నడవడం. నేను ఇంటర్ చదివినప్పుడు బస్సు కోసం రోజూ ఏడు కిలోమీటర్లు నడిచాను, ఎక్కడికో ఒకచోటికి పోవాలి కాబట్టి. దానికి ఈ పుస్తకంలో మాట లేదు.

ఒకడు చెరువు ఒడ్డున గాలం వేసి చేపను పట్టి, చేతిలో పెట్టుకుని ఫోటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలిపెడుతున్నాడు. ఆ బొమ్మ చూసి ద్వాలి క్లాసులోనే లేచి అడిగింది.

"మేడం, పట్టినంక ఇడిశిపెడ్తడా?"

"అవునమ్మా, అది వాళ్లకు ఆట."

"చాపకు కూడ ఆటేనా?"

అందరూ నవ్వారు. పద్మప్రియ మేడం కూడా నవ్వింది. మాకు స్పానిష్ చెప్పేది ఆమె. ఎర్రుపాలెం దగ్గర పొలాలున్న కుటుంబం. గొంతు పెంచదు, ఎవరినీ తిట్టదు, తప్పు చెప్పినా "పర్లేదమ్మా, మళ్లీ చెప్పు" అంటుంది. అలాంటి మనిషిని ఏమీ అనలేం. అందుకే ఆమె ఏం చెప్పినా చేసేస్తాం.

ఒక్కొక్కరినీ లేపి తీరికలో ఏం చేస్తావని అడిగింది. ఉదయ్ భాస్కర్ అని సత్తుపల్లి వైపు అబ్బాయి ఉన్నాడు. వాళ్లకు పామాయిల్ తోటలు. క్రికెట్, జిమ్ము, ఫోటోలు తీయడం, అడవుల్లో నడవడం అని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అడవి అంటే మన వైపే. కారులో జలపాతం దాకా పోయి, అరగంట నడిచి, బిర్యానీ తిని వచ్చాడు. వాళ్ల గిన్నెలు మోసింది గూడెం మనుషులు. వాళ్లు కూడా అంతే దూరం నడిచారు, నెత్తిన బరువుతో. అది ఎవరి సరదానో పుస్తకంలో ఉండదు.

ద్వాలి తన సరదా నిద్ర అన్నది. అది చెల్లదని మేడం అన్నది. తండా అమ్మాయివి కదా, అద్దాల కుట్టు అని చెప్పమన్నది. ద్వాలికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ కుట్టు వాళ్ల నాయనమ్మతోనే పోయింది. ఇప్పుడు రోజూ ఫోనులో వీడియో పెట్టుకుని వేళ్లు పొడుచుకుంటున్నది.

"నా సరదా నేర్సుకునేతందుకు నాకు తీరికే దొరుకుతలేదే" అని నిన్న మొత్తుకున్నది.

నా వంతు వచ్చినప్పుడు నేను ఉన్న మాట చెప్పాను. నాకు తీరిక లేదు, సరదా లేదు అన్నాను. ఆ వాక్యం స్పానిష్‌లో తప్పు లేకుండా చెప్పాను. మేడం పదికి రెండు మార్కులు వేసింది.

"భాష బాగుంది వనజా. కానీ ఫోన్లో అవతలామె సరదాగా మాట్లాడితే, నువ్వు తలుపు వేసేసినట్టు మాట్లాడకూడదు. చివరి పరీక్ష అంతా దీని మీదే. ఇంటి దగ్గర ఎండాకాలం పొద్దున్నే ఏం చేస్తావో చెప్పు, చాలు."

"ఇప్పపువ్వు ఏరుతాం మేడం."

"ఎవరెవరు?"

"నేను, అమ్మ."

"అడవిలో? తెల్లవారకముందే?" ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇంత మంచిది ఉంచుకుని ఏమీ లేదంటావేంటమ్మా! అమ్మతో కలిసి తెల్లవారుజామున అడవిలో పూలు ఏరడం. ఇంతకంటే అందమైన సరదా ఎవరికుంది ఈ క్లాసులో?"

"సరదాకు ఏరము మేడం. ఎండబెట్టి సొసైటీకి అమ్ముతాం."

"అది చెప్పక్కర్లేదు. అబద్ధం చెప్పమనట్లేదు నేను. కొంచెం అందంగా చెప్పమంటున్నా."

అమ్మా, ఇక్కడిదాకా నేను అందరినీ వెక్కిరించాను. ఇక్కడ నుంచి వెక్కిరించవలసింది నన్ను. శివా, ఆపకు. నీళ్లు తాగి వచ్చి చదువు.

చివరి పరీక్ష పోయిన శుక్రవారం జరిగింది. కంప్యూటర్‌లో ముఖం కనబడేటట్టు పెట్టి, ఆ భాష మాట్లాడే దేశపు ఆమెతో పది నిమిషాలు మాట్లాడించారు. పేరు పిలార్, మాకు పని ఇచ్చే కంపెనీ మనిషి. నీ వయసు ఉంటుంది, జుట్టు కత్తిరించుకుంది. మంచి మనిషే. తీరికలో ఏం చేస్తావని అడిగింది. నేను మేడం నేర్పినట్టే చెప్పాను. మా ఇంటికి అడవిలో ఐదు చెట్లు ఉన్నాయి, ఎండాకాలం తెల్లవారుజామున మా అమ్మతో పూలు ఏరడం నాకు చాలా ఇష్టం అన్నాను.

"మీ అమ్మకు కూడా ఇష్టమేనా?" అని అడిగింది.

"మా అమ్మకే ఎక్కువ ఇష్టం. ఆమెకు అదే సరదా" అన్నాను.

నేను ఆ మాట అంటున్నప్పుడు నాకేమీ అనిపించలేదు. క్రియలు సరిగ్గా పడుతున్నాయని సంతోషపడ్డాను. మరి అడవిలో భయం వేయదా, జంతువులు ఉండవా అని ఆమె అడిగింది. ఇంకా నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి. నేను ఎలుగుబంటి సంగతి ఎత్తాను.

ఆ సంగతి ఎలా చెప్పానో రాస్తాను. ఒకరోజు ఎలుగుబంటి కూడా పూలు తినడానికి వచ్చింది, మా అమ్మ దాని మీదికి గంప విసిరింది, గంప దాని తలకు టోపీలాగా ఇరుక్కుంది, అది ఆ టోపీతోనే పరుగెత్తింది అని చెప్పాను. చేతులు ఊపి చూపించాను. పిలార్ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పక్కన కుర్చీలో పద్మప్రియ మేడం నవ్వింది. తలుపు దగ్గర వినేవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

"మీ అమ్మ ఎంత ధైర్యం గలది! ఇప్పుడు తలచుకుని నవ్వుకుంటూ ఉంటుందేమో" అన్నది పిలార్.

"రోజూ నవ్వుతుంది" అన్నాను.

నువ్వు మూడేళ్లలో నీ అంతట నువ్వు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. భద్రాచలం దవాఖానాలో పదకొండు రోజులు పడుకున్నావు, ఎడమ చేతికి మోచేతి దాకా గాట్లు మిగిలాయి, రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. చూడవచ్చిన వాళ్లు ఎలుగును తిడుతుంటే, "దాన్ని తిట్టకుండ్రి. గది తినేతందుకు వచ్చింది, నేను ఏరేతందుకు పోయిన" అన్నావు. నువ్వు దాని గురించి అన్నది అంతే. గంప దాని తలకు తగలనే లేదని నాకు తెలుసు. గంప విసిరింది నేను పరుగెత్తడానికి సందు దొరకాలని. అదీ తెలుసు.

నువ్వు ఇక ఆ చెట్ల కిందికి పోవలసిన పని పడకూడదనే ఈ ఉద్యోగం కోసం వచ్చాను. ఉద్యోగం కోసం, ఆ చెట్ల కిందికి పోవడమే నీ సరదా అని చెప్పాను. యాభైకి నలభై తొమ్మిది వచ్చాయి. ఉదయ్ భాస్కర్‌కు ముప్పై ఎనిమిది.

పండుగకు వస్తావా అని అడిగావు కదా. దానికి జవాబు చివరికి ఉంచాను. ఇప్పపూల పండుగ ఇరవై ఐదు, బుధవారం అని శివ రాశాడు. నేను దానికి మూడు రోజుల ముందే, ఇరవై రెండో తారీకు ఆదివారం పొద్దున్నే వస్తున్నాను. ఒంటరిగా కాదు. మేడం వస్తుంది, కెమెరా పట్టుకుని ఒకతను వస్తాడు, ఆఫీసు మనిషి ఒకతను వస్తాడు.

ఎంపికైన ఒక్కొక్కరి సరదా మీద ఒక వీడియో తీసి పిలార్ వాళ్లకు పంపాలట. ఉదయ్‌ను జిమ్ములో తీశారు. ద్వాలిని వచ్చే వారం తీస్తారు, అంతలోగా దానికి ఒక పువ్వయినా కుట్టడం రావాలి. నాది పెద్ద వీడియో. నువ్వు, నేను పువ్వు ఏరుతూ ఉండాలి. తరువాత నువ్వు నవ్వుతూ ఎలుగు సంగతి చెప్పాలి. అది అయ్యాకే ఉద్యోగం ఆర్డరు కాగితం చేతికి ఇస్తారు. నా తరువాత జాబితాలో ఇంకా ముగ్గురు కాచుకుని ఉన్నారు.

ఆదివారం కుదురుతుందా అని మేడం అడిగినప్పుడు కుదురుతుంది అన్నాను. నాకు గుర్తు లేక కాదు. పండుగ చేసి వేల్పుకు పెట్టనిదే మనవాళ్లు పువ్వు ముట్టరని నాకు బాగా తెలుసు. అంతకుముందు రాలిందంతా పశువులది, ఎలుగులది. నువ్వు జ్వరంతో ఉన్న ఏడు కూడా, ఇంట్లో గింజ లేని ఏడు కూడా ఒక్క పువ్వు ముందుగా ముట్టలేదు. పోయిన ఉత్తరంలో "పువ్వు ఊరికె రాలిపోతాంది, రాలనీ" అని రాయించావు. అది చదివిన మర్నాడే కుదురుతుంది అన్నాను. మూడు రోజులే కదా అనుకున్నాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను. గూడెం అంతా చూస్తుంది. నువ్వు ముడితే పండుగ రోజు పెద్దమనుషులు నిన్ను కూర్చోబెట్టి అడుగుతారు. నన్ను అడగరు, నేను ఖమ్మంలో ఉంటాను.

నిన్న మేడం గదికి పిలిచి గంప చూపించింది. మార్కెట్లో పళ్ల దుకాణంవాళ్లు అలంకారానికి పెట్టేది. అంచుకు ఎర్ర రిబ్బను చుట్టి ఉంది. దానిలో నీ ఒక్క దోసెడు పువ్వు పడితే నిండిపోతుంది.

"మేడం, మా అమ్మ చెయ్యి ఒకటి సరిగా వంగదు. ఎక్కువసేపు ఏరలేదు" అన్నాను. అలా అంటే వీడియో ఆగిపోతుందేమోనని.

"ఏమైంది?"

చెప్పాను. గంప టోపీ కథ లేకుండా చెప్పాను. స్పానిష్‌లో కాదు, తెలుగులో. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది.

"అయ్యో పాపం. అయితే ఒక పని చెయ్యమ్మా. అమ్మగారికి నిండు చేతుల జాకెట్టు వేయించు. ఆ చెయ్యి కనబడితే చూసేవాళ్లకు సరదాగా ఉండదు."

మెల్లగా, ప్రేమగానే అన్నది. నేను "సరే మేడం" అన్నాను.

హాస్టల్‌కు వచ్చి ద్వాలికి చెప్పాను. అది సూది పక్కన పెట్టింది.

"గామెను అంటవేందే? చెయ్యి దాయుమన్నది గామె. చెయ్యి నవ్వులపాలు చేసింది నువ్వు."

నాతో ఆ మాట అనడానికి ఖమ్మంలో అది ఒక్కతే ఉంది. తెల్లవారగానే కాగితం తీసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఇంకొక సంగతి ఉంది. దాన్ని కూడా దాచను. నువ్వు కెమెరా ముందు మన గూడెం భాషలోనే మాట్లాడతావు. అది మేడంకు రాదు, కెమెరా మనిషికి రాదు, పిలార్‌కు అసలే రాదు. నీ మాటలను స్పానిష్‌లోకి మార్చి వీడియో కింద రాసే పని నాకే ఇచ్చారు. ఇచ్చిన రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. నువ్వు వాళ్లను నానా మాటలు అన్నా సరే, కింద "ఈ పూలంటే నాకు ప్రాణం" అని రాసేస్తే సరిపోతుందనుకున్నాను. నిన్ను అడగవలసిన పనే లేదనుకున్నాను. సగం వాక్యాలు ముందే రాసి పెట్టుకున్నాను కూడా. అవి చింపేశాను.

వాళ్లను రావద్దని నేను ఇంకా చెప్పలేదు. ఉద్యోగం నాకు కావాలి, అమ్మా. ఆ మాట కూడా నిజమే. పొద్దున్నే లేచి నీ వెనక ఆ చెట్ల కిందికి పోయే ధైర్యం నాకు లేదు, మూడేళ్లుగా లేదు. నువ్వు ఒక్కదానివే పోతున్నావు.

కాబట్టి వాళ్లు వస్తారు. నువ్వు పువ్వు ముట్టవద్దు. నేనూ ముట్టను. రిబ్బను గంప ఇస్తే పక్కన పెట్టు. నీ జాకెట్టు నీ ఇష్టం. చెట్టు కింద కూర్చుని, ఇప్పపువ్వు ఏరడం నీకు ఇష్టమేనా అని వాళ్లు అడిగితే, నీకు ఏది తోస్తే అది చెప్పు. ఎలుగు సంగతి చెప్పబుద్ధి కాకపోతే చెప్పకు. నవ్వు రాకపోతే నవ్వకు. నువ్వు ఏ మాట అంటే ఆ మాటే కింద రాస్తాను, ఒక్కటి తగ్గించను, ఒక్కటి కలపను. ఆర్డరు కాగితం ఇచ్చినా, ఇవ్వకపోయినా.

తిడితే తిట్టు. వాళ్లనూ, నన్నూ. ఆ పుస్తకంలో తిట్లు నేర్పరు. నేను వెతికి పన్నెండు నేర్చుకున్నాను. నీకు సరిపోవని తెలుసు, ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు,
నీ నోటి మాట నీ నోటి మాటగానే రాయబోయే
నీ పెద్దబిడ్డ
వనజ